పాడ్ థాయ్ తినాలా, పాడ్ సీ యూ తినాలా? థాయ్ వేపుడు నూడుల్స్‌లో కేలరీల లెక్క

బ్యాంకాక్‌లో మొదటి రోజు సాయంత్రం, యావరాత్ వీధిలో ఒక నూడుల్స్ బండి ముందు నిలబడి మా అమ్మ అడిగింది: "వీటిల్లో నేను ఏది తినొచ్చే?"

అమ్మకి 64 ఏళ్లు. షుగర్ ఉంది, బీపీ ఉంది. కొత్త రుచి కనిపిస్తే ఒక్క ముద్దయినా తిని చూడాలన్న సరదా కూడా ఉంది. ఫోన్ తీసి పాడ్ థాయ్‌లో ఎన్ని కేలరీలో వెతికాను. ఒక చోట 350 అని ఉంది, ఇంకో చోట 600, మూడో చోట వెయ్యి దాటింది. ఆమెకి సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇద్దరం ఒకే ప్లేటు పంచుకుని, ఆకలి తీరకుండానే గదికి వెళ్లిపోయాం. ఇంటికి వచ్చాక వంటింటి తూకం ముందు పెట్టుకుని, ఒక్కో వంటకాన్ని దినుసుల వారీగా విడదీసి లెక్క వేశాను. అమ్మలాంటి వాళ్లని వెంటబెట్టుకుని థాయ్ హోటల్‌కి వెళ్లేవాళ్లకి పనికొస్తుందని ఆ లెక్కంతా ఇక్కడ పెడుతున్నాను.

ఆ మూడు అంకెలూ ఎందుకు కలవలేదో ముందు చెప్తాను. 350 అన్నది ఒక కప్పుకి. 600 అన్నది బండి మీద ఇచ్చే చిన్న ప్లేటుకి. వెయ్యి అన్నది అమెరికాలో కట్టి ఇచ్చే పెద్ద పెట్టెకి. వంటకం పేరు ఒకటే అయినా తూకం మూడు రకాలు. అందుకే పేరు పక్కన ఉన్న అంకెని చూసి ఏది తినాలో తేల్చుకోవద్దంటాను. నూడుల్స్ ఎంత, నూనె ఎంత, పైన వేసిన మాంసం ఏది అన్న మూడు విషయాలు తెలిస్తే ఏ ప్లేటునైనా అంచనా వేయొచ్చు. ఈ మూడింట్లో నూనెది పెద్ద చెయ్యి. ఒక టేబుల్ స్పూన్ నూనెకి 120 కేలరీలు. బండి దగ్గర వంటవాడి గరిటె కాస్త వంగితే చాలు, రెండు వంటకాల మధ్య ఉన్న తేడా అక్కడే చెరిగిపోతుంది.

పోల్చుకోవడానికి ఒక కొలత కావాలి కదా. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం, కూర్చుని పనిచేసే మగవాళ్లకి రోజుకి 2,110 కేలరీలు కావాలి, ఆడవాళ్లకి 1,660. మగవాళ్ల బరువు 65 కిలోలు, ఆడవాళ్ల బరువు 55 కిలోలు అనుకుని వేసిన లెక్క అది. అంటే 600 కేలరీల ప్లేటు ఒక ఆడమనిషి రోజు తిండిలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. మధ్యాహ్న భోజనంగా అయితే సరిపోతుంది. సాయంత్రం చిరుతిండి అనుకుని తిని, రాత్రి మళ్లీ అన్నం తింటే మాత్రం లెక్క తప్పుతుంది. బ్యాంకాక్ వెళ్లిన మనవాళ్లు చాలామంది చేసేది ఈ రెండోదే.

ముందు నూడుల్స్ సంగతి

థాయ్ భాషలో నూడుల్స్ పోగుని సెన్ అంటారు. సన్నగా, చదునుగా ఉండేది సెన్ లెక్, వెడల్పుగా రిబ్బన్‌లా ఉండేది సెన్ యాయ్. రెండూ బియ్యప్పిండితో చేసేవే. మైదా కాదు కాబట్టి తేలిక అని కొందరు, నూడుల్స్ కాబట్టి చెడ్డవి అని ఇంకొందరు అంటుంటారు. నా దృష్టిలో ఇవి మనం రోజూ తినే అన్నానికి ఇంకో రూపం, అంతే. ఎండు బియ్యం నూడుల్స్ 100 గ్రాములకి సుమారు 360 కేలరీలు. బియ్యానికీ దాదాపు అంతే.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ప్యాకెట్ మీద ఉండే 360 ఎండు నూడుల్స్‌కి వర్తించే అంకె. అవే ఉడికి నీళ్లు పీల్చుకున్నాక 100 గ్రాములకి 110 దాకా ఉంటాయి. ప్లేటులో ఉన్న ఉడికిన నూడుల్స్‌ని తూచి ప్యాకెట్ మీది అంకెతో గుణిస్తే మూడింతలు ఎక్కువ వస్తుంది. ఇంట్లో వండేటప్పుడు నానబెట్టకముందే తూచుకుంటే ఈ గొడవ ఉండదు.

మూడో రకం వున్ సెన్. పెసల నుంచి తీసిన గంజిపిండితో చేస్తారు, ఉడికితే గాజులా పారదర్శకంగా ఉంటుంది. గ్లాస్ నూడుల్స్ అని మన సూపర్ మార్కెట్లలో కూడా దొరుకుతోంది. ఇందులో కేలరీలు తక్కువని ప్రచారం ఉంది. ఎండుగా తూచి చూస్తే తేడా ఏమీ లేదు, 100 గ్రాములకి 350 ఉంటుంది. కాకపోతే నీళ్లు బాగా పీల్చుకుని ఉబ్బుతుంది కాబట్టి 40 గ్రాములు వేస్తేనే ప్లేటు నిండుతుంది. అదే ప్లేటు నింపడానికి బియ్యం నూడుల్స్ 60 గ్రాములు కావాలి. తేలిక అనిపించడానికి కారణం అదీ.

పాడ్ థాయ్: దాదాపు 600

పాడ్ అంటే మూకుట్లో వేయించడం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, ప్లేక్ ఫిబున్ సోంగ్‌ఖ్రామ్ ప్రధానిగా ఉన్నప్పుడు, నూడుల్స్ తినమని ప్రభుత్వమే ప్రచారం చేసింది. సయాం అన్న పేరు తీసేసి 1939లో థాయిలాండ్ అని పెట్టింది కూడా ఆయన హయాంలోనే. చైనా నుంచి వచ్చిన వేపుడు నూడుల్స్‌కి థాయ్ దినుసులు కలిసి జాతీయ వంటకంగా నిలబడింది ఆ రోజుల్లోనే. ఇంత చరిత్ర ఎందుకంటే, ఆ దినుసులే దీని కేలరీల లెక్కని మిగతా వాటికంటే వేరు చేస్తాయి.

మన నాలుకకి పాడ్ థాయ్ మొదటి ముద్దలోనే నచ్చుతుంది. చింతపండు పులుపు, తాటి బెల్లం తీపి, పల్లీల పలుకు, ఎండుమిరప కారం అన్నీ ఉంటాయి. మా అమ్మ "పులిహోరలో చేపల వాసన వచ్చినట్టుంది" అంది. అంతకంటే బాగా నేను చెప్పలేను.

ఒక బండి ప్లేటుని విడదీస్తే నాకు వచ్చిన లెక్క ఇది. ఎండు తూకంలో 60 గ్రాముల సెన్ లెక్‌కి 215. ఒక టేబుల్ స్పూన్ నూనెకి 120. గుడ్డుకి 75. పైన చల్లే పల్లీల పొడి ఒక టేబుల్ స్పూన్‌కి 50. తాటి బెల్లం 12 గ్రాములకి 45. రొయ్యలు 40 గ్రాములకి 35. టోఫూ (సోయా పాలతో చేసే పనీర్ లాంటిది) ముక్కలకి 25. పెసర మొలకలు, ఆకుకూర కలిపి 20. చింతపండు రసం, ఎండు రొయ్యలు, ఉప్పు ముల్లంగి అన్నీ కలిపి ఇంకో 20. మొత్తం 605. వంటవాడు నూనె ఇంకో అర చెంచా పోస్తే 665.

ఇందులో గమనించాల్సింది తీపి. తాటి బెల్లం ఆరోగ్యానికి మంచిది కదా అని మనవాళ్లు ధైర్యంగా తింటారు. రుచి విషయంలో ఒప్పుకుంటాను, పంచదారతో ఆ వాసన రాదు. కేలరీల విషయంలో మాత్రం గ్రాముకి గ్రాము పంచదారతో దాదాపు సమానం. పైగా బండి మీద చింతపండు, బెల్లం, చేప సాస్ కలిపిన పాకం పొద్దున్నే కాచి గిన్నెలో పెట్టుకుంటారు. తీపి తగ్గించమని అడిగినా వాళ్లు చేయగలిగేది ఆ పాకం ఒక గరిటె తగ్గించడమే. అప్పుడు పులుపు, ఉప్పు కూడా తగ్గి చప్పగా తయారవుతుంది. షుగర్ ఉన్నవాళ్లకి పాడ్ థాయ్‌తో వచ్చే చిక్కు ఇది. పల్లీలు మాత్రం చాలాచోట్ల పక్కన వేసి ఇస్తారు కాబట్టి ఎంత కలుపుకోవాలో మన చేతిలో ఉంటుంది.

పల్చటి గుడ్డు అట్టులో చుట్టి ఇచ్చే పాడ్ థాయ్ కూడా ఉంది, బ్యాంకాక్ మహాచాయ్ రోడ్డులోని థిప్ సమయ్ దానికి పేరు పడింది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ఆ అట్టు కోసం అదనంగా గుడ్డు, దాన్ని వేయడానికి అదనంగా నూనె పడతాయి. ఇద్దరు పంచుకుని తినడం మంచిది.

పాడ్ సీ యూ: తీపి తక్కువ, నూనె ఎక్కువ

సీ యూ అంటే సోయా సాస్. వెడల్పు సెన్ యాయ్ నూడుల్స్, గుడ్డు, కానా అనే దళసరి కాడల ఆకుకూర, పంది మాంసమో కోడి మాంసమో వేసి, నల్లటి చిక్కటి సోయా సాస్‌తో పెద్ద మంట మీద తిప్పుతారు. నూడుల్స్ అంచులు అక్కడక్కడా మాడి పొగ వాసన వస్తే అది బాగా కుదిరిన ప్లేటు. కారం ఉండదు, అందుకే పిల్లలకి బాగా నచ్చుతుంది.

పాడ్ థాయ్‌తో పోలిస్తే తియ్యగా ఉండదు, పల్లీలు లేవు, ఆకుకూర కూడా ఉంది. ఏడెనిమిదేళ్లుగా నేను దీన్నే ఆరోగ్యకరమైనదని నమ్మి ఆర్డర్ చేస్తూ వచ్చాను. లెక్క వేశాక తెలిసింది వేరే. వెడల్పు నూడుల్స్ తడిగా, జిగురుగా ఉంటాయి. ఒకదానికొకటి అంటుకోకుండా ఉండాలంటే ముందే నూనె పూసి ఉంచుతారు, మూకుట్లో మళ్లీ పోస్తారు. పాడ్ థాయ్‌కి ఒక టేబుల్ స్పూన్ చాలిన చోట దీనికి ఒకటిన్నర, రెండు పడుతుంది.

తాజా సెన్ యాయ్ 200 గ్రాములకి 290 దాకా, ఒకటిన్నర టేబుల్ స్పూన్ నూనెకి 180, కొవ్వు లేని పంది మాంసం 70 గ్రాములకి 100, గుడ్డుకి 75, పంచదార రెండు టీ స్పూన్లకి 30, సాస్‌లకి 30, కానాకి 20. మొత్తం 725. నూనె రెండు టేబుల్ స్పూన్లు అయితే 785. చూడటానికి సాదాగా ఉన్న ప్లేటు, పల్లీలూ బెల్లం ఉన్న పాడ్ థాయ్‌ని దాటిపోయింది.

కాకపోతే దీనికి ఒక సుగుణం ఉంది. పాకం ముందే కాచి పెట్టుకోరు, ప్రతి ప్లేటుకీ విడిగా సాస్, పంచదార వేస్తారు. పంచదార వద్దంటే నిజంగానే వేయరు. నల్ల సోయా సాస్‌లో కొంత తీపి ఎలాగూ ఉంటుంది, రుచికి లోటు రాదు. కాబట్టి తీపి తగ్గించుకోవాలనుకునేవాళ్లకి పాడ్ సీ యూ, నూనె తగ్గించుకోవాలనుకునేవాళ్లకి పాడ్ థాయ్. నేను ఇప్పుడు పాటించే లెక్క ఇదే.

మాంసం ఎంపికలో ఒక జాగ్రత్త ఉంది. మెనూలో మూ క్రోప్ అని కనిపిస్తే అది కరకరలాడేలా వేయించిన పంది పొట్ట మాంసం. పొట్ట భాగం పచ్చిగా ఉన్నప్పుడే 100 గ్రాములకి 500 కేలరీలు దాటుతుంది. కొవ్వు లేని ముక్క బదులు అది వేయించుకుంటే ప్లేటుకి రెండు వందలకి పైగా పెరుగుతుంది. కోడి రొమ్ము మాంసం అయితే 70 గ్రాములకి 85 మాత్రమే.

కీ మావ్, రాడ్ నా, ఖువా గాయ్

పాడ్ కీ మావ్‌ని ఇంగ్లీషు మెనూల్లో డ్రంకెన్ నూడుల్స్ అంటారు. కీ మావ్ అంటే తాగుబోతు. వంటలో మందు వేస్తారేమో అని భయపడేవాళ్లని చూశాను, సాధారణంగా అలాంటిదేమీ వేయరు. పచ్చిమిర్చి, వెల్లుల్లి, పచ్చి మిరియాల గుత్తులు, తులసి ఆకులు వేసి ఘాటుగా చేస్తారు. అందులో వేసే ఆ ఆకు, బాయ్ క్రపావ్, మన తులసికోటలో పెరిగే తులసి జాతిదే. మా అమ్మ ఆ సంగతి విని ప్లేటు పక్కకి జరిపింది, నేను బలవంతపెట్టలేదు. పూజించే ఆకుని మాంసంతో తినలేనివాళ్లు ముందే తెలుసుకుంటే మంచిదని చెప్తున్నాను. నూడుల్స్, నూనె పాడ్ సీ యూ అంతే ఉన్నా మామూలుగా గుడ్డు వేయరు, పంచదార ఒక టీ స్పూన్‌తో సరిపెడతారు. కోడి మాంసంతో అయితే 610 దగ్గర తేలుతుంది. కారం వల్ల మెల్లగా తింటాం, నీళ్లు ఎక్కువ తాగుతాం, ప్లేటులో కొంత మిగులుతుంది కూడా. ఆంధ్రా కారం అలవాటున్న నాలాంటి వాళ్లకి పూర్తి తృప్తినిచ్చేది ఇదే.

రాడ్ నా మరో తరహా. నూడుల్స్‌ని కొద్ది నూనెలో కాల్చి పక్కన పెట్టి, మాంసం, కానా వేసిన చిక్కటి పులుసుని వాటి మీద పోస్తారు. పులుసు చిక్కబడటానికి కర్రపెండలం పిండి కలుపుతారు. పులుసు ఉంది కాబట్టి 150 గ్రాముల నూడుల్స్‌తోనే ప్లేటు నిండుగా కనిపిస్తుంది. నా లెక్కలో 500 చుట్టూ వచ్చింది. పంటి నొప్పి ఉన్న పెద్దవాళ్లకి, జ్వరం తగ్గి ఆకలి వేస్తున్నవాళ్లకి నేను దీన్నే చెప్తాను.

ఖువా గాయ్ బ్యాంకాక్ చైనా బజారు వైపు ఎక్కువగా దొరుకుతుంది. కోడి మాంసం, గుడ్డు వేసి, నూడుల్స్ అడుగు పెళుసుగా కాలేదాకా ఉంచుతారు. పాత పద్ధతిలో పంది కొవ్వుతో చేస్తారు. రుచి అద్భుతం, 730కి తక్కువ ఉండదు. ఒకసారి తినండి, రోజూ వద్దు.

పాడ్ వున్ సెన్: షుగర్ ఉన్నవాళ్లకి నా ఓటు

వున్ సెన్ 40 గ్రాములకి 140, నూనె ఒక టేబుల్ స్పూన్‌కి 120, గుడ్డుకి 75, రొయ్యలో మాంసమో 50, క్యాబేజీ, టమాటా, ఉల్లిపాయకి 30, పంచదార, సాస్ కలిపి 25. మొత్తం 440. ఈ జాబితాలో అన్నిటికంటే తక్కువ ఇదే.

తక్కువ కేలరీలు ఒక్కటే కారణం కాదు. పెసల గంజిలో అమైలోజ్ అనే పిండిపదార్థం ఎక్కువ, అది నెమ్మదిగా అరుగుతుంది. అందుకే బియ్యం నూడుల్స్ తిన్నంత వేగంగా రక్తంలో చక్కెర పెరగదు. గుడ్డు, కూరగాయలు తోడుంటే ఇంకా మంచిది. బ్యాంకాక్‌లో మూడో రోజు నుంచి అమ్మకి ఇదే తెప్పించాను. తిన్న రెండు గంటలకి మీటర్‌తో చూసుకుంటే, మొదటి రోజు పాడ్ థాయ్ తిన్నప్పటికంటే బాగా తక్కువగా ఉంది. ఒక్క మనిషి మీద ఒక్కసారి చూసింది అందరికీ వర్తించదని తెలుసు. మీ ఒంటికి ఏది పడుతుందో మీ మీటర్ చెప్పాలి. అయినా ఆ రాత్రి అమ్మ భయం లేకుండా కడుపునిండా తిని పడుకోవడం నాకు గుర్తుండిపోయింది.

పాడ్ థాయ్ రుచే కావాలని మనసు లాగితే పాడ్ థాయ్ వున్ సెన్ అని అడగండి. అదే పాకం, అవే పల్లీలు ఉంటాయి, బియ్యం నూడుల్స్ బదులు గాజు నూడుల్స్ వేస్తారు. పాకంలో బెల్లం మాత్రం తగ్గదు.

కేలరీల లెక్కలో కనిపించనిది ఉప్పు

బీపీ ఉన్నవాళ్లు ఈ ఒక్క భాగం అయినా చదవాలి. చేప సాస్‌లో కేలరీలు దాదాపు లేవు. ఒక టేబుల్ స్పూన్‌లో సోడియం మాత్రం 1,400 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. సోయా సాస్ అయితే 900 దగ్గర. రోజు మొత్తానికి 2,000 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, అది 5 గ్రాముల ఉప్పుతో సమానం. పాడ్ థాయ్‌లో చేప సాస్‌కి తోడు ఎండు రొయ్యలు, ఉప్పు ముల్లంగి కూడా ఉన్నాయి. ఒక్క ప్లేటుతో ఆ రోజు కోటా అయిపోయినట్టే. పాడ్ సీ యూ, రాడ్ నా కూడా ఈ విషయంలో పెద్దగా మేలు కాదు. ఏది తిన్నా సగం ప్లేటు తిని, మిగతా ఆకలికి పచ్చి మొలకలు, దోసకాయ, పండ్లు తీసుకోవడం కంటే మంచి దారి నాకు కనిపించలేదు. ఆ రోజు మిగతా పూటల్లో ఊరగాయ, అప్పడం పక్కన పెట్టేయాలి.

బల్ల మీద నాలుగు చిన్న గిన్నెలు పెడతారు: పంచదార, కారం పొడి, మిరపకాయలు నానిన చేప సాస్, మిరపకాయలు నానిన వెనిగర్. రుచి ఎవరికి వారు దిద్దుకోవడం అక్కడి పద్ధతి. ప్లేటులో చప్పదనం ఉందనిపిస్తే చేప సాస్ జోలికి పోకుండా వెనిగర్, నిమ్మరసం, కారం వేసుకోండి. పులుపు పెరిగితే ఉప్పు లోటు తెలియదు.

శాకాహారులు, ఆర్డర్ చెప్పే మాటలు

మాంసం తీసేయమంటే శాకాహారం అయిపోదు. చేప సాస్, ఎండు రొయ్యలు, ఆయిస్టర్ సాస్ (ఆల్చిప్పలతో చేసేది) లోపల ఉండిపోతాయి. థాయిలాండ్‌లో "గిన్ జే" అనండి, జే అంటే మాంసం, చేపలు, గుడ్డు, పాలు ఏవీ లేని వంట. వెల్లుల్లి, ఉల్లి కూడా వేయరు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరం కనిపించే కొట్లలో అలాంటి తిండి దొరుకుతుంది. గుడ్డు తింటామనుకునేవాళ్లు "మంగ్ సవిరత్" అనొచ్చు.

శాకాహారం కాబట్టి కేలరీలు తక్కువ అనుకోవడం పొరపాటు. రొయ్యలు 100 గ్రాములకి 90 చిల్లర ఉంటే, గట్టి టోఫూ 140 దాటుతుంది, నూనెలో దేవిన టోఫూ దానికి రెట్టింపు దగ్గరకి వెళ్తుంది. దేవకుండా మామూలు టోఫూ వేయమని అడగడం మేలు.

మాకు బాగా పనికొచ్చిన మాటలు మరికొన్ని చెప్తాను. "నమ్ మన్ నోయ్" అంటే నూనె తక్కువ. "మాయ్ సాయ్ నమ్ తాన్" అంటే పంచదార వేయొద్దు. "సాయ్ ఫక్ యె యె" అంటే కూరగాయలు ఎక్కువ వేయండి. చివర ఆడవాళ్లు "ఖా" అని, మగవాళ్లు "ఖ్రప్" అని చేరిస్తే మర్యాదగా ఉంటుంది. ప్లేటు "తమ్మదా" కావాలా "ఫిసెత్" కావాలా అని అడుగుతారు. ఫిసెత్ అంటే పెద్ద ప్లేటు, కొద్ది డబ్బు తేడాతో వస్తుంది కదా అని మనవాళ్లు సరే అనేస్తారు. పైన చెప్పిన అంకెలన్నీ తమ్మదా ప్లేటువి.

అమెరికా పెట్టె, మన ఊరి హోటల్

మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. వాడు తెప్పించుకున్న పాడ్ సీ యూ పెట్టెని నా పోరు పడలేక ఒకసారి తూచి చెప్పాడు, 700 గ్రాములు ఉంది. 100 గ్రాములకి 150 నుంచి 180 కేలరీలు వేసుకున్నా వెయ్యి దాటి పన్నెండు వందల దాకా వెళ్తుంది. వాడు దాన్ని ఒక భోజనం కింద తినేవాడు. ఇప్పుడు పెట్టె తెరవగానే సగం వేరే డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో పెడుతున్నాడు. తినడం మొదలుపెట్టాక సగంలో ఆపడం ఎవరికైనా కష్టం, ముందే తీసి పెట్టడం సులువు. మర్నాడు వేడి చేసేటప్పుడు నూనె వేయకుండా రెండు చెంచాల నీళ్లు చిలకరించి మూత పెడితే నూడుల్స్ మళ్లీ విడిపోతాయి.

హైదరాబాద్, విజయవాడల్లో థాయ్ పేరుతో ఇచ్చేవి కొన్నిచోట్ల బాగానే ఉంటాయి. కొన్నిచోట్ల చింతపండు బదులు టమాటా కెచప్, తియ్యటి చిల్లీ సాస్ పోస్తున్నారు. ప్లేటు ఎర్రగా మెరుస్తూ వస్తే అది అదే. రెండింట్లోనూ పంచదార బాగా ఉంటుంది కాబట్టి షుగర్ ఉన్నవాళ్లు వదిలేయడం మంచిది. అసలు పాడ్ థాయ్ రంగు చింతపండు రంగులో, లేత గోధుమగా ఉండాలి.

ఇంట్లో చేసుకుంటే

ఇద్దరికి 100 గ్రాముల ఎండు నూడుల్స్, నాలుగు టీ స్పూన్ల నూనె, నిమ్మకాయంత చింతపండు, నాలుగు టీ స్పూన్ల తురిమిన తాటి బెల్లం, ఒక టేబుల్ స్పూన్ చేప సాస్, రెండు గుడ్లు, 160 గ్రాముల రొయ్యలు, 200 గ్రాముల పెసర మొలకలు, నాలుగు టీ స్పూన్ల పల్లీల పొడి. మనిషికి 510 కేలరీల దాకా వస్తుంది. బండి ప్లేటు కంటే వంద తక్కువే అయినా రొయ్యలు, మొలకలు రెట్టింపు ఉన్నాయి, ప్రొటీన్ 30 గ్రాముల దాకా అందుతుంది. రాత్రి పది గంటలకి మళ్లీ ఆకలి వేయదు.

నూనె తగ్గాలంటే రెండు పనులు చేయాలి. నూడుల్స్‌ని ఉడకబెట్టకుండా మామూలు నీళ్లలో అరగంట, ముప్పావుగంట నానబెట్టాలి. వేలికి చుడితే వంగాలి, నలిపితే చితకకూడదు. రెండోది, ఇద్దరికీ కలిపి ఒకేసారి వేయకూడదు. మన ఇంటి పొయ్యి మంట బండి పొయ్యి అంత ఉండదు. మూకుడు నిండా వేస్తే నూడుల్స్ నీరు వదిలి ముద్దయిపోతాయి, విడదీయడానికి మళ్లీ నూనె పోస్తాం. ఒక్కో ప్లేటు విడిగా చేసి, అంటుకుంటున్నట్టు అనిపించినప్పుడల్లా నూనె బదులు ఒక చెంచా నీళ్లు జల్లండి. నేను మొదటి మూడుసార్లు ముద్ద చేశాకే ఇది పట్టుబడింది.

మన మొలకలు పొట్టిగా ఉంటాయి, థాయ్ వాళ్లవి పొడుగ్గా తెల్లగా ఉంటాయి. రెండూ పెసలవే, రుచిలో తేడా కొద్దిగానే. సగం మూకుట్లో చివరి నిమిషంలో వేసి, సగం పచ్చివి పక్కన పెట్టుకోండి.

చివరిగా తాగేవాటి గురించి. ఎంత చూసి నూడుల్స్ ఎంచుకున్నా, పక్కన ఆ నారింజ రంగు చల్లటి థాయ్ టీ పెట్టుకుంటే మొత్తం పాడవుతుంది. అందులో పోసే కండెన్స్‌డ్ మిల్క్ టేబుల్ స్పూన్‌కి 60 కేలరీలు, ఒక గ్లాసులో రెండు మూడు చెంచాలు పడతాయి, పైన పంచదార వేరు. పాడ్ వున్ సెన్ తిని ఆదా చేసిందంతా అందులో పోతుంది. లేత కొబ్బరి నీళ్లు ఒక గ్లాసుకి 40 దగ్గర ఉంటాయి, ప్రతి వీధిలోనూ దొరుకుతాయి. అమ్మ ఐదు రోజులూ అవే తాగింది, చివరి రోజు మాత్రం నా టీ గ్లాసులోంచి రెండు గుక్కలు అడిగి తీసుకుంది.